కోనసీమ చివర్లో రిమోట్ సైట్ పెట్టి మెయిన్ రిపీటర్‌కి కలపాలంటే: యూహెచ్ఎఫ్ లింకా, నెట్టా, వైఫై డిష్షా?

మొన్న సఖినేటిపల్లి వైపు నుంచి ఓ కుర్రాడు ఫోన్ చేశాడండి, హామ్ రేడియోకి (సొంత సరదాకి లైసెన్స్‌తో నడిపే రేడియో) కొత్తగా వీయూ3 కాల్‌సైన్, అంటే గాల్లో పిలుచుకునే పేరు, వచ్చింది, ఉత్సాహం మీదున్నాడు. "గురూగారూ, అమలాపురం రిపీటర్ నాకు గంట కొట్టినట్టు వినపడుతుందండి, కానీ నేను పిలిస్తే ఒక్కళ్ళూ పలకట్లేదండి, ఇక్కడ మా మేడ మీద ఇంకోటి పెట్టి దానికి కలిపేద్దామనుకుంటున్నామండి, దేంతో కలపమంటారు?" అని. రిపీటర్ అంటే ఎత్తున కూచుని చిన్న సెట్ల మాట విని, అదే మాటని గట్టిగా మళ్ళీ గాల్లోకి వదిలే స్టేషన్. అతను మేడ మీద పెడతానన్న రెండోదే రిమోట్ సైట్. ఆ ఫోన్ గంటసేపు నడిచింది, మధ్యలో వాళ్ళావిడ అన్నానికి రెండుసార్లు పిలిచింది కూడా. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న భీమవరం వాళ్ళూ అడిగారు, యానాం వాళ్ళూ అడిగారు, అందరూ ముందు అడిగేది "ఏ బాక్స్ కొనాలి" అనే.

బాక్స్ సంగతి తర్వాత. ముందు మీ బాధ ఏంటో సరిగ్గా చూసుకోండి. రిపీటర్ మీకు వినపడుతోంది, మీరు దానికి వినపడట్లేదు, అంతేగా? అక్కడ ముప్పై మీటర్ల ఎత్తు నుంచి పాతిక వాట్లు కొడుతున్నాడు, మీ చేతిలో సెట్టేమో ఐదు వాట్లు, దాని నెత్తిన జానెడు రబ్బరు యాంటెన్నా, మీరు నిలబడ్డది నేల మీద. రేడియో దిగంతం లెక్క చిన్నదే, రెండు వైపుల ఎత్తుల వర్గమూలాలు కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై మీటర్ల టవరూ, మనిషి చేతి ఎత్తు మీటరున్నరా వేస్తే 27 కిలోమీటర్లు, అదీ మధ్యలో ఏం అడ్డం లేకపోతే. సఖినేటిపల్లి అమలాపురానికి గీత గీస్తే ముప్పై దాటుతుంది, మధ్యలో వైనతేయ, దాని అటూ ఇటూ కొబ్బరి తోటలు. నోరు పెద్దదీ చెవులు చిన్నవీ అయిన ఇలాంటి రిపీటర్‌ని హామ్‌లు ఆలిగేటర్ అంటారు, మొసలి అన్నమాట.

అంటే చాలాచోట్ల కావాల్సింది ఇంకో నోరు కాదండి, ఇంకో చెవి. రిమోట్ సైట్లో రిపీటర్ మొత్తం పెట్టకుండా ఒక్క రిసీవరే పెట్టి, అది విన్నదాన్ని యూహెచ్ఎఫ్ అనే పై బ్యాండ్‌లో మెయిన్ సైట్‌కి పంపించి, అక్కడ ఓటర్ అనే పరికరం రెండు రిసీవర్లలో దేంట్లో శబ్దం తేటగా ఉందో చూసి దాన్నే గాల్లోకి వదులుతుంది. మాటకి పైనుండే ఫ్రీక్వెన్సీల్లో సుయ్యిమనే హోరు ఎంత ఉందో కొలవడమే అది చేసే పని, హోరు తక్కువున్నవాడికి ఓటు. ఇలా చేస్తే మీ చివర డూప్లెక్సర్ (ఒకే యాంటెన్నా మీద పంపడం, వినడం రెండూ కుదిర్చే ఫిల్టర్) ఖర్చు లేదు, కరెంటు ఖర్చు తక్కువ, లింకు ఒకవైపు మాత్రమే నడుస్తుంది కాబట్టి సగం తలనొప్పులు ముందే పోతాయి. ఆ కుర్రాడికి ఇదే చెప్తే కొంచెం నీరసపడ్డాడు, సొంత రిపీటర్ అంటే ఆ దర్జానే వేరుగా మరి. ఇక బాధ ఒక్కడిదే అయితే ఇదీ అక్కర్లేదు, మేడ మీద ఐదు ఎలిమెంట్ల యాగీ (ఒకవైపుకే గురిపెట్టే యాంటెన్నా) ఒకటి అమలాపురం వైపు తిప్పి పెట్టుకుంటే పనైపోయింది.

అయినా సరే, మా ఊళ్ళో పదిమంది ఉన్నాం, రిపీటర్ మొత్తం కావాలి, చేతి సెట్లకి ఇళ్ళల్లో కూడా పలకాలి అంటారా, సరే. రిమోట్ సైట్లో కంట్రోలర్‌కి, అంటే రిపీటర్‌ని నడిపే బుర్రకి, రెండు పోర్టులుంటాయి, ఒకటి మీ లోకల్ రిపీటర్‌ది, రెండోది లింకుది. మీ ఊరివాడు మాట్లాడగానే రిసీవర్ స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరుని మూసి ఉంచే తలుపు) తెరుచుకుంటుంది, సిగ్నల్ వచ్చిందని చెప్పే సీఓఎస్ లైన్ మారుతుంది, కంట్రోలర్ ఆ ఆడియోని లోకల్ ట్రాన్స్‌మిటర్‌కీ లింకుకీ ఒకేసారి ఇచ్చి రెండిటి పీటీటీలూ (మాట్లాడే బటన్లు) నొక్కుతుంది. అవతల మెయిన్ సైట్లో జోడీ లింకు దాన్ని అందుకుని అక్కడి కంట్రోలర్‌కి అప్పజెప్తుంది. తేడా అంతా ఆ "లింకు" అన్నచోట ఏం పెడతారన్న దాంట్లోనే ఉంది.

నా ఓటు మొదట్నుంచీ యూహెచ్ఎఫ్ రేడియో లింకుకే. మనకి రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, డెబ్బై సెంటీమీటర్ల బ్యాండ్ 434 నుంచి 438. రిపీటర్ కిందదాంట్లో (వీహెచ్ఎఫ్), లింకు పైదాంట్లో (యూహెచ్ఎఫ్). 33 కిలోమీటర్ల దూరానికి 435 దగ్గర గాల్లో పోయేది సుమారు 115 డీబీ (సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత, ప్రతి పది డీబీకీ పదింతల తేడా). ఐదు వాట్లు, రెండు వైపులా పది డీబీల యాగీలు, కేబుల్‌కి కాస్త తీసేస్తే అవతల చేరేది మైనస్ 65 డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చిన బలం) దాకా. ఇప్పుడు మన డెల్టా సంగతి కలపండి. ఈ దూరానికి భూమి గుండ్రం వల్లే మధ్యలో 16 మీటర్ల ఉబ్బు వస్తుంది, దాని మీద ఇరవై మీటర్ల కొబ్బరిచెట్లు, అంటే 36. మీ టవర్ 15, అమలాపురంది 30 అయితే మధ్యలో కిరణం ఎత్తు ఇరవై రెండున్నర, అంటే సిగ్నల్ తోటల తలల కింద నుంచి పోతుందన్నమాట. చూడ్డానికి పని కాదనిపిస్తుంది కదా? కానీ 435 దగ్గర తరంగం పొడవు డెబ్బై సెంటీమీటర్లు, అది చెట్ల అంచు మీంచి ఒంగి దిగుతుంది, ఆ అడ్డానికి పోయేది ఎనిమిది డీబీ చిల్లర. ఎఫ్ఎం రిసీవర్‌కి మైనస్ 117 దాకా చాలు. అంటే నలభై డీబీ పైగా మిగులు, దాన్ని తడిసిన మట్టలు తిన్నా, తుప్పు పట్టిన కనెక్టర్ తిన్నా, గాలికి యాగీ కొంచెం పక్కకి తిరిగినా లింకు నిలబడుతుంది.

ఇదే లెక్క 5.8 గిగాహెర్ట్జ్ వైఫై డిష్‌లకి వేసి చూడండి. దూరం అదే, గాల్లో నష్టం ఇంకో ఇరవై రెండు డీబీ ఎక్కువ, పైగా ఫ్రెనెల్ జోన్‌లో (సిగ్నల్ దారి చుట్టూ అది పరుచుకునే చోటు) అరవై శాతం ఖాళీ ఉండాలంటే మధ్యలో 12 మీటర్లు కావాలి, ఉబ్బు 16, చెట్లు 20, మొత్తం 48 మీటర్ల ఎత్తున లైను పోవాలి, రెండు చివరలా అంత టవర్ ఎవడు కడతాడండి మనకి? కొండ మీద పెడదామంటే రాజమండ్రి దాటి కోరుకొండ వైపు పోవాలి, డెల్టాలో ఉన్నదంతా పళ్ళెమే. వైఫై చెడ్డదని కాదు, ఎనిమిది కిలోమీటర్లలోపు అయితే, మధ్యలో వరి చేలో చెరువులో ఉండి చెట్లు లేకపోతే అద్భుతంగా పనిచేస్తుంది, ఆడియోతో పాటు కెమెరా, బ్యాటరీ వోల్టేజీ, రౌటర్ రీస్టార్ట్ అన్నీ వస్తాయి. కానీ అక్కడా తోటలుంటే వాటి తలల మీద ఆరేడు మీటర్ల ఖాళీ వదలాలి. ఇంకోటి, చెట్లు పెరుగుతాయండి బాబూ. జనవరిలో లెక్క వేసి బిగించిన లింకు నాలుగేళ్ళకి వానాకాలంలో ఎందుకు ఆగిందో ఎవరికీ గుర్తురాదు. గోదావరి పాయ మీంచి పోయే లింకైతే నీళ్ళ మీద పడి వచ్చే ప్రతిబింబం కూడా వచ్చి కలుస్తుంది, పోటుకీ పాటుకీ నీటి మట్టం మారినప్పుడల్లా సిగ్నల్ ఊగుతుంది, అదో గోల.

ఇక నెట్టు. కుర్రాళ్ళందరూ ముందు అడిగేది ఇదే, చవక కాబట్టి. నిజంగానే చవక. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ ఒకటి, యూఎస్‌బీ సౌండ్ ఇంటర్‌ఫేస్ ఒకటి, పాత మొబైల్ రేడియో ఒకటి. నెట్టు మీద రేడియోల్ని కలిపే ఏర్పాట్లలో 1997లో కెనడాలో ఐఆర్‌ఎల్‌పీ మొదలైంది, 2002లో ఎకోలింక్ వచ్చింది, ఆ తర్వాత ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ మీద కట్టిన ఆల్‌స్టార్‌లింక్. మూడిట్లో మీరు రిమోట్‌ని మెయిన్‌కి శాశ్వతంగా కట్టెయ్యాలంటే ఆల్‌స్టార్ తీసుకోండి, ఎందుకంటే అది అసలు రిపీటర్ కంట్రోలరే, టైమరూ టోనూ డీటీఎంఎఫ్ (ఫోన్ బటన్ల శబ్దాలతో ఇచ్చే) ఆజ్ఞలూ అన్నీ అందులోనే ఉంటాయి. ఎకోలింక్ గుణం వేరు, హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మన హామ్ తన ఫోన్లోంచి ఊరి రిపీటర్‌లోకి రావడానికి అది బావుంటుంది, లైసెన్స్ చూసి గానీ లోపలికి రానివ్వడు కాబట్టి ఎవడుపడితే వాడు దూరడు.

ఒక చిక్కు మాత్రం మన దగ్గర అందరికీ తగులుతుంది. 4జీ సిమ్ పెడితే మీకు సొంత పబ్లిక్ అడ్రస్ రాదు, వేలమంది ఒకే అడ్రస్ వెనకాల ఉంటారు, దాన్నే సీజీనాట్ అంటారు. ఎకోలింక్‌కి యూడీపీ 5198, 5199 పోర్టుల మీదకి బయట్నుంచి ప్యాకెట్లు రావాలి, అవి రావు, మీరు రౌటర్లో ఎన్ని సెట్టింగులు మార్చినా రావు, ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) పెట్టుకోవాల్సిందే. ఆల్‌స్టార్‌లో అయితే రిమోట్ వైపు నుంచే బయటికి ఫోన్ చేసినట్టు కనెక్ట్ అవుతుంది, మెయిన్ సైట్ ఒక్కదానికి పబ్లిక్ అడ్రస్ ఉండి యూడీపీ 4569 తెరిచి ఉంటే చాలు. ఈ ముక్క తెలియక నేను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నా, నెట్టు కంపెనీ హెల్ప్‌లైన్ అమ్మాయికి పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఏంటో నేనే పాఠం చెప్పాల్సి వచ్చింది.

నెట్టులో నాకున్న అసలు అభ్యంతరం అది కాదు. వరద రోజులు గుర్తుచేసుకోండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మూడోది ఎగరేసే సరికి లంకల్లో కరెంటు తీసేస్తారు, తియ్యకపోతే ప్రమాదం, వాళ్ళ తప్పేం లేదు. ఒకసారి అలాంటప్పుడే మా నెట్టు లింకు రాత్రంతా బాగానే నడిచింది, తెల్లారేసరికి మొబైల్ టవర్ దగ్గర డీజిల్ అయిపోయింది, అంతే, రిమోట్ సైట్ మూగబోయింది. మా బ్యాటరీ నిండుగా ఉంది, రేడియో బావుంది, టవర్ నిలబడే ఉంది, అయినా అటువాళ్ళు ఇటు వినపడలేదు. ఫైబర్ అయితే ఇంకా విచిత్రం, కొబ్బరిమట్ట ఒక్కటి పడితే చాలు. 1996 నవంబర్ 6న తుపాను కోనసీమ మీద పడ్డప్పుడు తోటలకి తోటలే పడుకున్నాయి, ఆ రాత్రిని చూసినవాళ్ళెవరూ స్తంభాల మీద వేలాడే తీగని నమ్ముకుని ఎమర్జెన్సీ రేడియో పెట్టరు.

కాబట్టి నేను చెప్పేది, నెట్టు పెట్టుకోండి, కానీ మెయిన్ సైట్ దగ్గర పెట్టుకోండి. రిమోట్‌కీ మెయిన్‌కీ మధ్య మాత్రం రేడియోనే ఉండాలి. నెట్టు పోతే హైదరాబాద్‌వాడు పోతాడు, సఖినేటిపల్లి పోదు.

డీఎంఆర్ అనే డిజిటల్ రేడియో పద్ధతి గురించి కూడా అడుగుతారు. పన్నెండున్నర కిలోహెర్ట్జ్‌లో రెండు టైమ్ స్లాట్లు, అంటే ఒకే రిపీటర్ మీద రెండు సంభాషణలు, లింకింగ్ దాని రక్తంలోనే ఉంది. కానీ దాని లింకింగ్ అంతా ఐపీ మీదే, అంటే మళ్ళీ పైన చెప్పిన నెట్టు కథే, లేదా వైఫై కథ. పైగా మన గ్రూపుల్లో ముప్పావు మంది దగ్గర ఉన్నది చవక ఎఫ్ఎం చేతి సెట్టే, వాళ్ళకి అది బుర్రున మోగడం తప్ప ఏం వినపడదు. ఇంకో ఐదేళ్ళు ఆగుదాం.

క్రాస్‌బ్యాండ్ రిపీట్ మాత్రం నేర్చుకుని ఉంచుకోండి. డ్యూయల్ బ్యాండ్ మొబైల్ సెట్టుని వ్యాన్‌లోనో స్కూలు డాబా మీదో పెడితే, చేతి సెట్టుతో యూహెచ్ఎఫ్‌లో దానితో మాట్లాడితే అది వీహెచ్ఎఫ్‌లో మెయిన్ రిపీటర్‌కి చేరేస్తుంది. పునరావాస కేంద్రం దగ్గర రెండు రోజుల పనికి ఇంతకన్నా ఏం అక్కర్లేదు. పవర్ మాత్రం పది వాట్లకి మించి పెట్టొద్దు, ఆ సెట్లు గంటలకొద్దీ అరవడానికి చేసినవి కాదు, ఫ్యాన్ మోగుతూ మోగుతూ ఆగిపోతే లోపల ట్రాన్సిస్టర్ పోయినట్టే. శాశ్వత సైట్‌గా దీన్ని వాడకండి, అవతల మెయిన్‌లో ఎవడో కబుర్లు చెప్తున్నంతసేపూ ఇది మీ వైపు ట్రాన్స్‌మిట్ చేస్తూనే ఉంటుంది, మధ్యలో మీరు దూరలేరు.

యూహెచ్ఎఫ్ అని తేల్చుకున్నాక రెండు నిర్ణయాలున్నాయి. హాఫ్ డూప్లెక్సా, ఫుల్ డూప్లెక్సా? ఒకే ఫ్రీక్వెన్సీ మీద హాఫ్ డూప్లెక్స్ చవక, రెండు మొబైల్ రేడియోలు చాలు, కాకపోతే ఒకవైపు మాట్లాడుతుంటే రెండోవైపు చెవిటిది. రెండు వైపులా ఒకేసారి నడిచే ఫుల్ డూప్లెక్స్‌కి నాలుగు మెగాహెర్ట్జ్ బ్యాండ్లోనే రెండు ఫ్రీక్వెన్సీలు విడదీసి డూప్లెక్సరో, ఎత్తు తేడాతో వేరు వేరు యాంటెన్నాలో పెట్టాలి. ఒక్క రిమోటే ఉంటే హాఫ్‌తో మొదలెట్టండి. మూడు రిమోట్లు అనుకుంటే మొదట్నుంచీ మెయిన్‌ని హబ్‌గా చేసి ఫుల్‌కే పోండి, తర్వాత మార్చడం రెండు ఖర్చులు.

రెండోది ఫ్రీక్వెన్సీ ఎంపిక, ఇక్కడ నేను పడ్డ గోతిలో మీరు పడకండి. మా రిమోట్‌లో రిపీటర్ అవుట్‌పుట్ 145.250, లింకు రిసీవ్ 435.750. కాయితం మీద ఏ తప్పూ లేదు. బిగించాం, స్విచ్ వేశాం, మొదటివాడు "హలో టెస్ట్" అని పీటీటీ వదిలాడు, రిపీటర్ మాత్రం ట్రాన్స్‌మిట్ ఆపదే! మూడు నిమిషాలకి టైమర్ కొట్టి ఆగింది, మళ్ళీ ఎవడో నొక్కాడు, మళ్ళీ అదే వరస. కేబుల్ తీసి పెట్టాం, గ్రౌండ్ మార్చాం, కంట్రోలర్ మీద అనుమానపడి దాన్ని తిట్టాం. సాయంత్రం నేల మీద కూచుని టీ తాగుతుంటే ఒక పెద్దాయన వేళ్ళ మీద లెక్కపెట్టి "145.250ని మూడుతో గుణించరా" అన్నాడు. 435.750! మా ట్రాన్స్‌మిటర్ మూడో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి మూడింతల దగ్గర పుట్టే పిల్ల సిగ్నల్) సూటిగా మా లింకు రిసీవర్ నెత్తినే పడుతోంది. టోన్ (మాట కింద సన్నగా పంపే గుర్తు శబ్దం, అది ఉంటేనే రిసీవర్ తెరుచుకుంటుంది) పెట్టాం కదా అనుకున్నాం, కానీ రిపీటర్ అవుట్‌పుట్‌కీ లింకుకీ రెండిటికీ 88.5 టోనే పెట్టాం, హార్మోనిక్‌లో డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ ఊగే వెడల్పు) మూడింతలవుతుంది గానీ టోన్ ఫ్రీక్వెన్సీ మారదు, అదీ నేరుగా లోపలికి వచ్చేసింది. అసలు 144.667 దాటిన ఏ అవుట్‌పుట్‌కైనా మూడో హార్మోనిక్ మన 434–438 లోనే పడుతుంది, కాబట్టి గుణించి చూసుకుని లింకుని దానికి దూరంగా పెట్టండి, టోన్లు వేరు వేరుగా పెట్టండి, రెండు మీటర్ల ట్రాన్స్‌మిటర్‌కి పై ఫ్రీక్వెన్సీల్ని ఆపే లో పాస్ ఫిల్టర్ తగిలించండి. టోన్ లేకుండా లింకు అసలు నడపకండి, వేసవి సాయంత్రాలు సముద్రం మీద డక్టింగ్ (గాలి పొరల్లో చిక్కుకుని సిగ్నల్ చాలా దూరం పోవడం) వచ్చిందంటే ఎక్కడెక్కడి సిగ్నళ్ళో వచ్చి తలుపు తడతాయి.

లింకు ఆడియోని మైక్ జాక్‌లోంచి కాకుండా వెనకాల డేటా పోర్టులో 9600 పిన్ నుంచి తీసుకోండి. మైక్, స్పీకర్ దారిలో ప్రతి రేడియో తన రంగు పూస్తుంది, రెండు లింకులు దాటేసరికే మనిషి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే రేడియోలో కాదు, కేబుల్లో. ముప్పై మీటర్ల ఆర్‌జీ 58 అనే సన్న కేబుల్ వేస్తే 435 దగ్గర పది డీబీ పైనే తినేస్తుంది, ఐదు వాట్లు కాస్తా అరవాటు కూడా మిగలదు. అదే పొడవు ఎల్ఎంఆర్ 400లో మూడు డీబీ లోపే. అంతర్వేది వైపు ఉప్పుగాలికి కనెక్టర్ ఏడాదికే పచ్చబడుతుంది, సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్ చుట్టి దాని మీద మామూలు నల్ల టేపు చుట్టండి. బ్యాటరీకి ఇన్వర్టర్లలో వాడే 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ సరిపోతుంది, పాతిక వాట్ల రిపీటర్ రోజులో రెండున్నర గంటలు మాట్లాడిందనుకుంటే మొత్తం రోజుకి ముప్పై చిల్లర ఆంపియర్ అవర్లు, సగం వరకే వాడుకున్నా రెండు రోజులు వస్తుంది. సోలార్ ప్యానెల్ ఉంటే ఇంకా నిశ్చింత.

కాయితాల సంగతి, రిపీటర్‌కి మీ సొంత లైసెన్స్ చాలదు, ఢిల్లీలో రేడియో లైసెన్సులిచ్చే డబ్ల్యూపీసీ దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి, సరళ్ సంచార్ పోర్టల్లో అప్లై చెయ్యాలి. లింకు ఫ్రీక్వెన్సీ, నెట్టు కలపడం కూడా ముందే రాసి అడగండి, పెట్టేశాక అడగొద్దు.

ఆఖర్న ఒకటి, సఖినేటిపల్లి కుర్రాడికి ఫోన్ పెట్టేముందు చెప్పింది. హాఫ్ డూప్లెక్స్ లింకులో రిమోట్‌వాడి పీటీటీ ఇరుక్కుంటే, అంటే ఎవడో ఆటోలో చేతి సెట్టు తొడ కింద పెట్టుకుని కూచుంటే, ఆ లింకు మీకు వినే స్థితిలో ఉండదు, మీరు పంపే ఆపు ఆజ్ఞ దాని చెవికి చేరదు. అందుకని రిమోట్‌లో మూడు నిమిషాల టైమర్ తప్పనిసరి, దాంతోపాటు ఆజ్ఞలు వినడానికి వేరే ఫ్రీక్వెన్సీలో ఒక చిన్న రిసీవర్ పెట్టండి, మెయిన్ వైపు కూడా డీటీఎంఎఫ్ కొడితే లింకు పోర్టు తెగేలా ఏర్పాటుండాలి. లేకపోతే నరసాపురం నుంచి పంటు ఎక్కి వశిష్ఠ దాటి, మేడ తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కుని, పైకెక్కి ఫ్యూజ్ పీకాలి, మేం పీకాం ఒకసారి, రాత్రి పదింటికి ఆఖరి పంటు దాటిపోయాక తిరిగి రావడానికి చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగాం.